నా శని ఫొటోకి వచ్చిన ప్రైజు నాది కాదు

డిసెంబర్‌లో మన కాలేజీ ఫెస్ట్‌కి పెట్టిన ఫొటో ఎగ్జిబిషన్‌లో శని గ్రహం ఫొటో ఒకటి మీలో చాలామంది చూసే ఉంటారు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద బంగారు రంగు గుండు, చుట్టూ వెడల్పాటి వలయాలు, ఆ వలయాల మధ్య చాకుతో గీసినట్టు నల్లటి సందు. సెకండ్ ప్రైజ్ వచ్చింది. కింద నా పేరే ఉంది. "ఇది నిజంగా మన కాలేజీ వాళ్ళు తీసిందా?" అని ఎవరో ఇన్‌స్టాలో కామెంట్ పెడితే, "అవును, మా అమ్మమ్మ వాళ్ళ పెరట్లోంచి" అని జవాబిచ్చింది కూడా నేనే.

పెరడు నిజమే. టెలిస్కోపూ నిజమే. ఆ నల్ల సందు మాత్రం నేను తీసింది కాదు. వలయాలకి ఆ వెడల్పు కూడా నేను తీసింది కాదు. ఫోన్‌లో ఒక ఎన్‌హాన్స్ యాప్ గీసి ఇచ్చింది.

దీన్ని సారీ లెటర్ అనుకుంటే అనుకోండి. కానీ నేను అడగాలనుకుంటున్నది వేరే ఉంది. వచ్చే ఏడాది నుంచి మన కాంపిటీషన్‌లో గానీ, ఈ పత్రిక చివరి పేజీలో గానీ రాత్రి ఆకాశం ఫొటో ఇచ్చేవాళ్ళు ఒక రా ఫ్రేమ్ (కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు), ఆ ఫొటో ఎలా తయారైందో రెండు లైన్లు కలిపి ఇవ్వాలి. ఈ మాట మా రూమ్‌లో అంటే వెంటనే వచ్చిన జవాబు, "నువ్వూ సాఫ్ట్‌వేర్ వాడావు కదరా, దానికీ దీనికీ తేడా ఏంటి?" మంచి ప్రశ్నే. తేడా చెప్పాలంటే ముందు ఈ ఫొటోలు ఎలా తీస్తారో చెప్పాలి.

నా టెలిస్కోప్ 130 మిల్లీమీటర్ల అద్దం ఉన్న రిఫ్లెక్టర్, ఫోకల్ లెంత్ 650. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ట్యూబ్ మీద ఒక సొట్ట ఫ్రీగా వచ్చింది. దాంతో చందమామ బొమ్మ కెమెరా సెన్సర్ మీద పడితే ఆరు మిల్లీమీటర్లుంటుంది, చిటికెనవేలి గోరంత కూడా కాదు. శని అయితే ఇంకా ఘోరం. మూడింతలు పెంచే బార్లో లెన్స్ తగిలించినా గ్రహం గుండు అడ్డంగా సుమారు 60 పిక్సెళ్ళు. మీ వాట్సాప్ డీపీలో మీ ముక్కు అంతకంటే పెద్దగా ఉంటుంది.

ఆ 60 పిక్సెళ్ళూ కుదురుగా ఉండవు. మధ్యలో గాలి ఉంది. పగలంతా కాగిన డాబాలు రాత్రి వేడి వదులుతుంటే, పారే నీళ్ళ అడుగున పడ్డ రూపాయి బిళ్ళని చూసినట్టు గ్రహం వణుకుతూనే ఉంటుంది. అందుకని గ్రహాలకి ఒక్క ఫొటో తీయరు, వీడియో తీస్తారు. సెకనుకి 50 ఫ్రేములు, మూడు నిమిషాలు, మొత్తం 9000. గాలి ఒక్క క్షణం సద్దుమణిగినప్పుడు పడ్డ మంచి ఫ్రేములు అందులో కొన్ని ఉంటాయి. ఆటోస్టాకర్ట్ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అది వాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి, సగటు తీస్తుంది. నేను పదో వంతు ఉంచాను, అంటే 900.

సగటు ఎందుకు పనిచేస్తుందంటే, నిజంగా ఉన్నది ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట ఉంటుంది. నాయిస్ మాత్రం ఒక్కో ఫ్రేములో ఒక్కోచోట పడుతుంది. కలుపుతూ పోతే ఉన్నది నిలబడుతుంది, లేనిది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఎంత తగ్గుతుందో ప్రాబబిలిటీ క్లాసులో నిద్రపోని వాళ్ళకి తెలుసు: ఫ్రేముల సంఖ్యకి వర్గమూలం. 900 కలిపితే నాయిస్ 30వ వంతుకి పడిపోతుంది. ఇందులో ఎవరూ దేన్నీ ఊహించట్లేదు. అదే ఆకాశాన్ని తొమ్మిది వందల సార్లు అడిగి, ప్రతిసారీ ఒకే మాట చెప్పిన చోటే నమ్ముతున్నాం.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

మా అమ్మమ్మ వాళ్ళది మార్కాపురం దగ్గర పల్లె. దసరా సెలవులకి వెళ్తే రెండు రోజులు ముసురు. సెప్టెంబర్ 27, శనివారం రాత్రి తెరిపిచ్చింది. నెలవంక తొందరగానే కుంగిపోయింది, పదకొండింటికల్లా శని బాగా పైకొచ్చాడు. అమ్మమ్మ మాత్రం దగ్గరికి కూడా రానంది. "శనివారం పూట శనిని వెతుక్కుంటూ పోయి చూడ్డమేంటే తల్లీ, ఆయన మనల్ని చూడకుండా ఉంటే చాలు" అని లోపలికెళ్ళి పడుకుంది. తాతయ్య ఉన్నాడు. నులక మంచం తెచ్చి టెలిస్కోప్ పక్కనే వేసుకున్నాడు. కృత్తికలు తూర్పున పైకొస్తుంటే "అదిగో పిల్లలకోడి" అని చూపించాడు. కెమెరా పెట్టకముందు ఐపీస్‌లో ఆయన్నే ముందు చూడమన్నాను.

చాలాసేపు చూశాడు. "పూసకి సూది గుచ్చినట్టుందమ్మా" అన్నాడు.

అంతకంటే కరెక్ట్‌గా చెప్పలేం. శని సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి సుమారు 29న్నర ఏళ్ళు పడుతుంది. ఆ చుట్టులో రెండుసార్లు, అంటే దాదాపు 15 ఏళ్ళకోసారి, వలయాలు అంచు మనవైపు ఉండేలా తిరుగుతాయి. అడ్డంగా 2 లక్షల 70 వేల కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఆ వలయాల మందం చాలా చోట్ల పదుల మీటర్లే, కాబట్టి అంచు మనవైపు తిరిగినప్పుడు దాదాపు మాయమైపోతాయి. 2025 మార్చిలో సరిగ్గా అదే జరిగింది. సెప్టెంబర్‌కి కూడా వంపు రెండు డిగ్రీల లోపే. వలయాలు మొత్తం పైనుంచి కిందికి ఒకటిన్నర ఆర్క్‌సెకను కూడా లేవు. నా టెలిస్కోప్ విడదీయగలిగేది సుమారు 0.9. అంటే ఆ రోజు ఆ వలయాల చుట్టూతా నల్ల సందు కనిపించడం నా అద్దానికి అయ్యే పని కాదు. కాస్సినీ డివిజన్ అనే ఆ సందు అక్కడ ఉంది, కానీ నా పెరట్లోంచి ఆ కోణంలో దొరకదు.

తెల్లారి స్టాక్ చేస్తే వచ్చింది కూడా పూస, సూదే. లేత పసుపు గుండు, దానికి అడ్డంగా సన్నటి గీత, గుండు మీద లీలగా ఒక పట్టీ. ఒక పది నిమిషాలు గాల్లో తేలాను. పదకొండో నిమిషంలో ఇన్‌స్టా ఓపెన్ చేశాను.

తర్వాత ఏం జరిగిందో మీకూ తెలుసు, మీ ఫీల్డ్‌లో మీకూ జరిగే ఉంటుంది. అందరి శనులూ పెద్ద పెద్ద వలయాలతో మెరుస్తున్నాయి. అవన్నీ వేరే ఏళ్ళవి, వేరే సైజు టెలిస్కోపులవి. అయినా నాది చూస్తే చిన్నపిల్ల వేసిన బొమ్మలా అనిపించింది. యాప్‌లో అప్‌లోడ్ చేశా, ఒక్క ట్యాప్. వలయాలు తెరుచుకున్నాయి. సందు వచ్చింది. గుండు మీద ఒక్క పట్టీ ఉన్నచోట ఐదు వచ్చాయి. నాకు తెలీక కాదు. 2025లో వలయాలు అలా ఉండవని మన వాట్సాప్ గ్రూప్‌లో జూలైలో పెద్ద మెసేజ్ పెట్టింది నేనే. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. రెండోసారి చూస్తే నచ్చింది. మూడోసారి కాంపిటీషన్ ఫామ్‌లో అటాచ్ చేశాను.

జడ్జీలెవరూ అడగలేదు. అడిగే కాలమ్ కూడా ఫామ్‌లో లేదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తాతయ్యకి ఫోన్‌లో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "చాలా బాగుంది. ఎవరు తీశారు?" అన్నాడు. "నేనే తాతయ్యా, ఆ రోజు మనం చూశాం కదా, అదే." ఆయన ఇంకోసారి చూసి ఫోన్ వెనక్కిచ్చేశాడు. "మనం చూసింది సూది కదమ్మా" అన్నాడు. తిట్టలేదు, ఇంకేమీ అనలేదు. గేదెకి గడ్డి వేసే టైమైందని లేచి వెళ్ళిపోయాడు.

తాతయ్య వయసులో ఉన్నప్పుడు పలకల ఫ్యాక్టరీలో పని చేశాడు. మార్కాపురం పలకలంటే ఒకప్పుడు చాలా పేరు. పలక మీద కనిపించే గీత బలపం గీతా, లోపలి పగులా అన్నది తడిగుడ్డతో తుడిస్తే తెలిసిపోతుందని చిన్నప్పుడు నాకు చూపించాడు. బలపం గీత పోతుంది, పగులు ఉండిపోతుంది. నేను పట్టుకెళ్ళి చూపించింది అలాంటి మనిషికి.

అప్పట్నుంచి దీని గురించే చదువుతున్నాను. హాస్టల్లో ఒక చిన్న టెస్ట్ కూడా చేశాం. 2023లో ఒకతను ఇంటర్నెట్‌లో పెట్టి గొడవ చేసిన టెస్టే, మా సొంతం కాదు. చందమామ ఫొటోని బాగా చిన్నది చేసి, వివరాలేవీ మిగలకుండా బ్లర్ చేసి, లాప్‌టాప్ స్క్రీన్ మీద పెట్టి, రూమ్‌లో లైట్లాపి, గది ఆ చివర్నుంచి మా ఫ్రెండ్ ఫోన్‌తో జూమ్ చేసి తీశాం. స్క్రీన్ మీద ఉన్నది తెల్లటి ముద్ద. ఫోన్‌లో వచ్చింది క్రేటర్లతో సహా చందమామ. చందమామ ఎప్పుడూ ఒకే ముఖం మనకి చూపిస్తుంది కాబట్టి ఫోన్‌కి ఇది తేలిక. ఆ ముఖం ఎలా ఉంటుందో దానికి ముందే నేర్పించారు. మనం తీసేది చందమామనని గుర్తుపడితే చాలు, మిగతాది దానికి కంఠతా వచ్చు. ఎగ్జామ్‌లో ప్రశ్న పూర్తిగా చదవకుండానే గైడులో జవాబు రాసేస్తాం చూడండి, అలా.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా పని చేసిన వాళ్ళ కథ ఒకటి దొరికింది. అదీ హైదరాబాద్‌లో. 1887లో పారిస్‌లో మొదలైన ఒక ప్రాజెక్టులో ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీయాలనుకున్నాయి. దాని పేరు కార్ట్ దు సియెల్, అంటే ఆకాశ పటం. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీకి ఈ పంపకంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న పట్టీ వచ్చింది, మొదట తీసుకున్న చిలీ వాళ్ళు పూర్తి చేయలేకపోతే. ఇప్పుడు మెట్రో, ఫ్లైఓవర్లు ఉన్న బేగంపేట వైపు అప్పట్లో ఆకాశం ఫొటో తీసేంత చీకటిగా ఉండేదన్నమాట. అక్కడి వాళ్ళు కొన్నేళ్ళపాటు ప్లేట్లు తీసి, ఒక్కో చుక్క స్థానం కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల కేటలాగ్ తయారు చేశారు. కంప్యూటర్ లేకుండా.

నన్ను ఆపేసింది ఆ సంఖ్య కాదు, ఆ ప్రాజెక్టులో పటం కోసం పెట్టుకున్న ఒక పద్ధతి. గాజు ప్లేటు మీద దుమ్ము పడుతుంది, పూతలో లోపాలుంటాయి. డెవలప్ చేశాక అవి కూడా నల్ల చుక్కల్లాగే కనిపిస్తాయి. ఏది నక్షత్రం, ఏది దుమ్ము? అందుకని ఒకే ప్లేటు మీద మూడుసార్లు ఎక్స్‌పోజ్ చేసేవాళ్ళు, ప్రతిసారీ టెలిస్కోప్‌ని కాస్త జరిపి. నక్షత్రమైతే బుల్లి త్రిభుజంలా మూడు చుక్కలు పడతాయి. దుమ్మయితే ఒక్కటే. ఎంత అందంగా మెరిసినా ఒంటరి చుక్కని లెక్కలోకి తీసుకోరు.

చూడగానే ఇది తాతయ్య తడిగుడ్డే కదా అనిపించింది. నేను 900 ఫ్రేములు స్టాక్ చేసిందీ అదే పని. నా యాప్ చేసింది మాత్రం ఒక్క చుక్క కూడా పడని చోట చుక్కలు పెట్టడం.

మా రూమ్మేట్ వాదన ఇంకా అయిపోలేదు. "ఏ కలర్ కెమెరా అయినా ఊహిస్తుంది కదా" అంది. నిజం. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగే కొలుస్తుంది, సగం పచ్చ, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. మిగతా రెండు రంగులూ పక్క పిక్సెళ్ళని చూసి లెక్కగడతారు. అంటే మనం చూసే ఏ ఫొటోలో అయినా రంగు విలువల్లో మూడింట రెండొంతులు అంచనాలే. హబుల్ టెలిస్కోప్ 1995లో తీసిన 'పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్' రంగులు కూడా కంటికి కనిపించేవి కావు, సల్ఫర్ వెలుగుకి ఎరుపు, హైడ్రోజన్‌కి పచ్చ, ఆక్సిజన్‌కి నీలం కేటాయించారు. కాబట్టి "ఏమీ చేయని ఫొటో" అనేది లేదు, అలాంటిది కావాలని నేనూ అడగట్లేదు. కానీ పక్క పిక్సెల్‌ని అడగడం వేరు, పక్కవాడి శనిని అడగడం వేరు. మొదటిదాంట్లో అంచనాకి ఆధారం ఆ రాత్రి నా అద్దం మీద పడ్డ వెలుగే. రెండోదాంట్లో ఆధారం ఎవరో, ఎప్పుడో, ఎక్కడో తీసినవి. హబుల్ వాళ్ళు ఏ రంగు ఎందుకు వేశారో ఫొటో పక్కనే రాసిపెట్టారు. నేను "మా అమ్మమ్మ వాళ్ళ పెరట్లోంచి" అని మాత్రమే రాశాను.

ఏఐ మీద కోపంతో అంటున్నానని అనుకోకండి, నేను చదివేదే అది, రేపు తినబోయే అన్నం కూడా అదే. యాప్‌లో వచ్చిన బొమ్మని ఏఐ కేటగిరీలో పెట్టుకోవచ్చు, దానికి వేరే ప్రైజ్ ఇవ్వచ్చు. దాని మీద తేదీ, ఊరు వేసి ఆ రాత్రి ఆకాశం ఇదీ అనడం దగ్గరే నా పేచీ.

"పోనీ, ఎవరికి నష్టం?" అని ఇంకో ప్రశ్న.

దీనికి పెద్ద జవాబు ఒకటి, చిన్న జవాబు ఒకటి ఉన్నాయి. పెద్దది: 2009 జూలై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అనే అమెచ్యూర్ తన పెరట్లోంచి 14.5 అంగుళాల టెలిస్కోప్‌తో గురుగ్రహాన్ని తీస్తుంటే దక్షిణ ధ్రువం వైపు ఒక నల్ల మచ్చ కనిపించింది. అంతకుముందు అది లేదు. ఆయన అందరికీ చెప్పాడు, హవాయిలో ఉన్న నాసా ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్ అటు తిరిగి చూసింది. ఏదో వచ్చి గురుగ్రహాన్ని గుద్దుకున్న మచ్చ అది. ఇప్పుడు అదే ఫ్రేముల్ని నా యాప్‌లో వేస్తే ఏమయ్యేది? దానికి నేర్పించిన గురుగ్రహాల్లో అక్కడ మచ్చ ఉండదు. నాయిస్ అనుకుని నున్నగా తుడిచేసి, ఎర్ర మచ్చ ఇంకాస్త ఎర్రగా చేసి ఇచ్చి ఉండేదని నా అనుమానం. ఇలాంటి యాప్‌కి వచ్చింది ఇప్పటిదాకా అందరూ చూసింది. పెరట్లో టెలిస్కోప్ పెట్టుకుని దోమలతో కుట్టించుకునేది ఎవరూ చూడనిది ఎప్పుడైనా కనిపిస్తుందేమోననే కదా.

చిన్న జవాబు నాకు పెద్దదానికంటే ఎక్కువ కష్టంగా ఉంది. అదే కాంపిటీషన్‌లో ఒక జూనియర్ మన హాస్టల్ టెర్రస్ మీంచి తీసిన స్టార్ ట్రెయిల్స్ పెట్టింది. 30 సెకన్ల ఫ్రేములు 240, అంటే రెండు గంటలు. నక్షత్రాలన్నీ 30 డిగ్రీల చాపాలుగా వచ్చాయి, భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి సరిగ్గా అంతే రావాలి, ప్రొట్రాక్టర్ పెట్టి చూసుకోవచ్చు. కింద వాటర్ ట్యాంక్, గ్రౌండ్‌లో హైమాస్ట్ లైట్ వల్ల ఒక పక్కంతా ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంది. దాన్ని కూడా ఆ అమ్మాయి దాచలేదు. ఆ ఫొటోకి ఏమీ రాలేదు. దాని పక్కనే నా శని మెరుస్తుంటే ఎవరు చూస్తారు?

ప్రైజ్ వెనక్కిస్తానని ఫెస్ట్ చూసుకున్న సీనియర్లకి మెసేజ్ పెట్టాను. రిజల్ట్స్ అయిపోయాయి, ఇప్పుడు మార్చలేం, అయినా ఫొటో అందరికీ నచ్చింది కదా, లైట్ తీస్కో అన్నారు. కూపన్ ఆ జూనియర్‌కి ఇవ్వబోతే తీసుకోలేదు, కానీ స్టాకింగ్ నేర్పమని అడిగింది. ఇప్పుడు ఆదివారాలు టెర్రస్ మీద ముగ్గురం కూర్చుంటున్నాం. వార్డెన్ పర్మిషన్ పదిన్నర దాకానే.

ఎడిటర్లు ఒప్పుకున్నారు కాబట్టి ఈ సంచిక చివరి పేజీలో రెండు శనులు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ప్రైజ్ వచ్చింది, "ఏఐ గీసింది" అన్న లైనుతో. రెండోదాని కింద ఇలా ఉంటుంది: మార్కాపురం దగ్గర, 2025 సెప్టెంబర్ 27, రాత్రి 11:20. 130 మి.మీ. రిఫ్లెక్టర్, 3 రెట్ల బార్లో. 9000 ఫ్రేముల్లో 900. సగటు, కొంచెం షార్పెనింగ్, ఇంకేమీ లేదు. దాని పక్కన ఒక రా ఫ్రేమ్ కూడా ఉంది, చూసి నవ్వుకోవచ్చు, నిజంగానే ముద్దలా ఉంటుంది.

వచ్చే దసరాకి వలయాలు మళ్ళీ కాస్త తెరుచుకుంటాయి. తాతయ్యకి ఫోన్‌లో చెప్పాను. "సరే, మంచం బయటేస్తా" అన్నాడు.